కానుకల సంచి, సర్కారు ఖజానా: చర్చి ఏది తీసుకోవచ్చు, ఏది వదలాలి

మూడేళ్ళ కిందట మా చర్చి రేకులు తీసేసి స్లాబు వేద్దామనుకున్నాం. కాజీపేటకు ఇవతల నూట ఇరవై కుటుంబాల సంఘం మాది, ఏ పెద్ద మిషనుకూ చెందదు. స్లాబు మాట బయటికి పొక్కిన నెలలోనే నాలుగు సలహాలు వచ్చిపడ్డాయి. సీఏ చదివిన మా సంఘం కుర్రాడొకడు "ముందు 12ఏ తీసుకోండి అంకుల్, లేకపోతే రేపు నోటీసొస్తది" అన్నాడు. 12ఏ అంటే ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేసుకునే రిజిస్ట్రేషన్. వార్డులో తిరిగే ఒక నాయకుడు "మైనారిటీ ఫండు నేనిప్పిస్తా, మీరు దరఖాస్తు పెట్టుండ్రి చాలు" అన్నాడు. అమెరికాలో ఉండే మా సంఘం పిల్లాడు ఫోన్ చేసి, ఫ్రెండ్స్ దగ్గర డాలర్లు జమచేసి పంపుతానన్నాడు. సంఘ పెద్దల్లో అందరికన్నా పెద్దాయన మాత్రం "దేవుని సొమ్ముకు సర్కారు లెక్కేందయ్యా? ఇన్నేండ్లు లేంది ఇప్పుడేంది?" అని చేతికర్ర నేలకు తాటించి కూర్చున్నాడు.

రైల్వే అకౌంట్సులో పనిచేసి రిటైరయ్యానన్న ఒక్క పాపానికి ట్రెజరర్ పని నా మెడకు కట్టారు. కాబట్టి ఆ నలుగురికీ జవాబు చెప్పాల్సింది నేనే. అప్పటినుంచి తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది మాలాంటి సంఘాల ట్రెజరర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) సంఘాలకు ఇందులో చాలా భాగం అక్కర్లేదు, వాళ్ళ ఆస్తులు కంపెనీ చట్టం కింద రిజిస్టరైన ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక డయాసిస్ (బిషప్ పరిధి) కింది విచారణలకు, అంటే స్థానిక చర్చిలకు, చూసుకోవడానికి ఫాతిమానగర్‌లో డయాసిస్ ఉంది. తలనొప్పంతా స్వతంత్ర సంఘాలదే.

వదిలేయడం వేరు, ఇవ్వడం వేరు

సర్కారు నుంచి వచ్చేదాన్నంతా ఒకే గంపలో వేసి మాట్లాడుకోవడం వల్లే సగం గొడవ. నా జేబులో ఉన్న వంద రూపాయల్లో పన్ను తీసుకోకుండా వదిలేయడం ఒకటి. వాళ్ళ జేబులోంచి వంద తీసి నా చేతిలో పెట్టడం ఇంకొకటి. మొదటిది మినహాయింపు, రెండోది సాయం. మొదటిదానికి లెక్క చెప్పాలి. రెండోదానికి లెక్కతో పాటు మొహమాటం కూడా పడాలి. ఈ మొహమాటం ఏ చట్టంలోనూ రాసి ఉండదు. ఎలక్షన్ల ముందు శనివారం రాత్రి, సాయం ఇప్పించినవాళ్ళు ఓట్ల మాట ఎత్తినప్పుడు తెలుస్తుంది.

వాక్యంలో ఏముందని అడిగేవాళ్ళకు నేను బైబిలులోని ఎజ్రా గ్రంథం చూపిస్తాను. మందిరం కట్టడానికి రాజు ఖజానాలోంచి ఖర్చు ఇచ్చారని అందులోనే ఉంది. యాజకుల మీద, మందిరంలో సేవచేసే లేవీయుల మీద పన్ను వేయొద్దని రాజు రాసిన తాకీదూ ఉంది. దారిలో కాపలాకు సైనికుల్ని అడగడానికి ఎజ్రా సిగ్గుపడిన మాట కూడా అదే గ్రంథంలో, తర్వాతి అధ్యాయంలోనే ఉంది. పన్ను మినహాయింపు తీసుకున్న మనిషే సైనికుల్ని వద్దన్నాడు. నా మాట కూడా దాదాపు అదే: మినహాయింపు తీసుకోండి, సాయం దగ్గర ఆగి ఆలోచించండి.

ఇంకోటి. మా కుర్రాళ్ళు ఫోన్లో అమెరికా ప్రసంగీకుల వీడియోలు చూసి, పన్ను మినహాయింపు అంటేనే సర్కారు కాడి అని వాదిస్తున్నారు. అది అక్కడి గొడవ. అక్కడ చర్చి దరఖాస్తు పెట్టకపోయినా మినహాయింపు దానంతటదే వర్తిస్తుంది, ఇచ్చినవాళ్ళకూ పన్ను తగ్గుతుంది. బదులుగా 1954లో వచ్చిన జాన్సన్ సవరణ ప్రకారం చర్చి ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటేయమని చెప్పకూడదు. వాళ్ళ వాదమంతా దాని చుట్టూనే. మన దగ్గర అడగనిదే మినహాయింపు లేదు, చర్చి కానుకకు దాతకు తగ్గింపూ లేదు. జర్మనీలోనైతే చర్చి సభ్యుల దగ్గర ప్రభుత్వమే చర్చి పన్ను వసూలు చేసి సంఘాలకు ఇస్తుంది, ఆదాయపు పన్ను మీద 8 శాతమో 9 శాతమో. మా పెద్దాయనకు ఇది చెబితే నమ్మలేదు. ఒక్కో దేశానికి ఒక్కో లెక్క, వాళ్ళ మందు మన జ్వరానికి వేసుకోవద్దు.

ఏమీ తీసుకోకుండా ఉండిపోతే

పెద్దాయన దారి ఇది. చెప్పడానికి ఎంతో పవిత్రంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, ఎవరికీ లెక్క లేదు. ఇరవై ముప్పై కుటుంబాలు ఒకరి ఇంటి వరండాలో కూడుకుని, వచ్చిన కానుక ఆ నెలలోనే ఖర్చయిపోయే సంఘానికి నిజంగా ఇదే సరి. వాళ్ళను కదిలించొద్దు.

స్థలం కొన్నప్పుడు కథ మారుతుంది. సంఘానికి చట్టం దృష్టిలో ఉనికి లేదు కాబట్టి స్థలం పాస్టరుగారి పేరున రిజిస్టరవుతుంది. అయ్యగారు బతికున్నన్నాళ్ళు అంతా బాగానే ఉంటుంది. మా బంధువుల ఊళ్ళో ఒక సంఘం ఇలాగే ముప్పై ఏళ్ళు ఆరాధన చేసుకుంది. అయ్యగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిన ఏడాదికే కొడుకులు వచ్చి "మా నాన్న జాగ, మాకు పంచుకోవాలె" అన్నారు. కాగితం వాళ్ళ వైపే ఉంది. ఇప్పుడు ఆ సంఘం ఒక ఫంక్షన్ హాలు వెనక గదిలో కూడుకుంటోంది.

బ్యాంకు ఖాతా కూడా అంతే. కానుకలు పాస్టరుగారి సొంత ఖాతాలో పడితే అవి ఆయన ఆదాయం కిందే లెక్క. బంధువులు కానివాళ్ళ దగ్గర ఏడాదిలో 50 వేలు దాటి కానుకగా వచ్చినా పన్ను పడుతుంది. అంటే "మేం సర్కారు నుంచి ఏమీ తీసుకోలేదు" అనుకునే సంఘం నిజానికి తన పన్ను భారం తెచ్చి అయ్యగారి నెత్తిన పెట్టింది. మినహాయింపు తీసుకోకపోతే పన్ను పోదు, పన్ను ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి మా కమిటీకి రెండు మీటింగులు పట్టింది.

సొసైటీనా, ట్రస్టా

చట్టం దృష్టిలో సంఘానికి ఒక పేరు, ఉనికి తెచ్చుకోవడానికి రెండు దారులు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవచ్చు, ఆ చట్టం చెప్పే ఉద్దేశాల్లో మతం కూడా ఉంది. లేదా సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్టు డీడు రిజిస్టర్ చేసుకోవచ్చు. ట్రస్టు తేలిక, ఇద్దరు ముగ్గురుంటే చాలు, ఎలక్షన్లుండవు. అందుకే చాలామంది పాస్టర్లకు ట్రస్టే ఇష్టం: తను, భార్య, బావమరిది. నాకు మాత్రం సొసైటీయే నచ్చింది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కమిటీ పేర్లు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి, గొడవలూ అవుతాయి. అవనివ్వండి. స్థలం మాత్రం నూట ఇరవై కుటుంబాల దగ్గరే ఉంటుంది.

ఏది పెట్టుకున్నా నిబంధనల్లో ఒక మాట మర్చిపోవద్దు: సంస్థ మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఉద్దేశాలే ఉన్న ఇంకో సంస్థకు పోవాలి. ఇది లేకపోతే పన్ను ఆఫీసులో ఫైలు అక్కడే ఆగుతుంది.

12ఏ రిజిస్ట్రేషన్

అందరూ 12ఏ అంటారు గానీ 2021 ఏప్రిల్ నుంచి దాన్ని 12ఏబీ కింద ఇస్తున్నారు. 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. నోటికి అలవాటైన పేరు అంత తేలిగ్గా పోదు కాబట్టి నేనూ 12ఏ అనే అంటాను.

దరఖాస్తు ఆన్‌లైన్లోనే. కొత్త సంస్థకు సాధారణంగా మొదట మూడేళ్ళ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. తర్వాత హైదరాబాదులోని మినహాయింపుల కమిషనర్ పత్రాలు చూసి ఐదేళ్ళది ఇస్తారు. ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని సంస్థలకు 2025 నుంచి పదేళ్ళ వరకు ఇచ్చేలా మార్చారు. మనలాంటి వాళ్ళకు ఇది పెద్ద ఊరట.

దీనివల్ల లాభం ఏమిటంటే కానుకలు, దశమభాగాలు, పెళ్ళిళ్ళకు హాలు ఇస్తే వచ్చే డబ్బు, బ్యాంకు వడ్డీ, వీటిమీద పన్ను ఉండదు. షరతు, ఏడాది రాబడిలో 85 శాతం సంఘం పనులకే ఖర్చు కావాలి. మిగతా 15 శాతం ఊరికే దాచుకోవచ్చు. స్లాబు లాంటి పెద్ద పనికి ఎక్కువ దాచాలంటే ఫారం పెట్టి, ఎందుకో చెప్పి, ఐదేళ్ళ దాకా దాచుకోవచ్చు.

మా పెద్దాయన భయం కానుకల సంచి గురించి. "ఎవరేసిన్రో రాయాల్నా? కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెల్వొద్దని కదా?" అన్నాడు. చట్టం ఇక్కడ ఆయన పక్షానే ఉంది. పేరు లేని విరాళాలపై 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే గానీ, పూర్తిగా మతపరమైన సంస్థకు అది వర్తించదు. ఆదివారం సంచిలో పడిన పదులకూ యాభైలకూ పేర్లు రాయక్కర్లేదు, ఇద్దరు లెక్కపెట్టి సంతకం చేసిన పుస్తకం చాలు. అదే సొసైటీ కింద బడి కూడా నడుపుతూ, ఆ బడికని పేరు లేకుండా డబ్బు తీసుకుంటే మాత్రం పన్ను తప్పదు. అందుకే బడినీ చర్చినీ ఒకే సంస్థ కింద కలపొద్దంటాను.

ఇక ఇబ్బందులు. మేస్త్రీకి శనివారం సాయంత్రం నగదు లెక్కపెట్టి ఇవ్వడం మనకు అలవాటు. ఒక్కరికి ఒక రోజులో 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు 85 శాతం లెక్కలోకి రాదు. ఇసుక, సిమెంటు, కంకర అన్నీ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. మా మేస్త్రీకి ఖాతా ఉంది గానీ దాని ఏటీఎం కార్డు వాళ్ళ అల్లుడి దగ్గర ఉందట. ఆ పంచాయితీ తీర్చడానికి నాకు ఒక వారం పట్టింది. స్లాబుకని ప్రత్యేకంగా ఇచ్చేవాళ్ళ దగ్గర "ఇది భవన నిధికి, మూలధనంగా ఇస్తున్నాను" అని చీటీ రాయించుకోవాలి, అలాంటి డబ్బు వేరే ఖాతాలో ఉంచాలి. పన్ను పడని పరిమితి దాటితే ఏటా ఆడిట్, రిటర్ను. సీఏ ఫీజు కూడా కానుకల్లోంచే కదా.

పాస్టరుగారి కుటుంబం సంగతి కాస్త సున్నితం. జీతం ఇవ్వొచ్చు, పనికి తగ్గట్టు ఇంటి అద్దె ఇవ్వొచ్చు. సంఘం డబ్బుతో వ్యవస్థాపకుడి కొడుక్కి కారు కొంటే ఆ డబ్బుకు మినహాయింపు పోతుంది. కొంతమంది పాస్టర్లు 12ఏ అంటే దేవునికి వ్యతిరేకం అని ఎందుకంటారో నాకు ఈ సెక్షన్ చదివాక అర్థమైంది.

సలహా ఇచ్చేవాళ్ళు చెప్పని విషయం ఇంకొకటుంది. ఇందులోకి వెళ్ళడం తేలిక, బయటికి రావడం కష్టం. రెన్యువల్ మర్చిపోయినా, రిజిస్ట్రేషన్ రద్దయినా ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటున పన్ను వేస్తారు. మడికొండ రోడ్డు మీద స్థలాల ధర ఇప్పుడెంతుందో మీకు తెలుసు. ఇరవై ఏళ్ళ కింద వేలల్లో కొన్న జాగా మీద లక్షల్లో పన్ను పడితే సంఘం ఎక్కడినుంచి తెస్తుంది? మా రిజిస్ట్రేషన్ గడువు తేదీని చర్చి గోడమీద క్యాలెండర్ పక్కనే రంగుతో రాయించాను. నవ్వారు. నవ్వనివ్వండి.

అయినా మొత్తం మీద నా మొగ్గు తీసుకోవడం వైపే. సంఘం పేరున స్థలం ఉండి, ఏడాది కానుకలు పన్ను పరిమితి దాటుతుంటే 12ఏ తీసుకోండి. దాటకపోతే సొసైటీ, పాన్, బ్యాంకు ఖాతాతో ఆగండి.

80జీ మీద ఆశ

"80జీ ఉంటే ఉద్యోగస్తులు ఎక్కువ ఇస్తారు" అని ప్రతి మీటింగులో ఎవరో ఒకరంటారు. 80జీ అంటే విరాళం ఇచ్చినవాళ్ళకు వాళ్ళ పన్నులో తగ్గింపు వచ్చేలా సంస్థకు ఇచ్చే అనుమతి. చర్చికి 80జీ రాదు. ఒకే మతం కోసం ఉన్న సంస్థకు ఇవ్వరు, 80జీ ఉన్న సంస్థ మతపరమైన పనులకు పెట్టే ఖర్చు ఆదాయంలో 5 శాతం మించకూడదు. వృద్ధాశ్రమమో కుట్టు శిక్షణో నిజంగా నడిపే ఆలోచన ఉంటే దానికి వేరే సంస్థ పెట్టి, మన పర అనకుండా అందరికీ చేస్తూ తీసుకోవచ్చు. పేరుకు సేవా సంస్థ పెట్టి ఆ డబ్బు చర్చి స్లాబుకు మళ్ళిస్తే అది మోసం, దానికి వేరే పేరు లేదు. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జీ తగ్గింపే లేదు. దీనికోసం టెన్షన్ పడడం దండగ.

చిన్నాచితకా

ఆరాధనకు మాత్రమే వాడే భవనానికి మున్సిపాలిటీలో ఆస్తి పన్ను మినహాయింపు అడగండి. ముందు భాగంలో షాపులు కట్టి అద్దెకిస్తే ఆ భాగానికి ఉండదు. కరెంటుకు ప్రార్థనా స్థలాలకు వేరే కేటగిరీ ఉంది. మీ మీటరు ఇంకా కమర్షియల్‌లో ఉంటే హన్మకొండలో ఉన్న కరెంటు పంపిణీ కంపెనీ ఎన్పీడీసీఎల్ పరిధిలోని మీ సెక్షన్ ఆఫీసులో మార్పించుకోండి. హాలు అద్దెకిస్తే, 12ఏ ఉన్న సంస్థకు రోజుకు 10 వేల లోపు అద్దె మీద జీఎస్టీ లేదు. ఇవి అందరు పౌరులకూ, అన్ని మతాలకూ ఉన్నవే. తీసుకోవడానికి ఆలోచించేదేం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు: చేతికొచ్చే డబ్బు

తెలంగాణ వచ్చాక క్రిస్మస్‌కు ప్రభుత్వం పేద క్రైస్తవులకు బట్టలు పంచింది, విందులు పెట్టింది. క్రిస్టియన్ మైనారిటీల ఫైనాన్స్ కార్పొరేషన్ ఉంది, చర్చీల మరమ్మతులకు, సమాధుల తోట గోడలకు సాయం అడగొచ్చు. మసీదుల్లో ఇమాములకు, మౌజన్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం ఉంది, చిన్న గుళ్ళకు ధూప దీప నైవేద్యం పథకం ఉంది. పక్క రాష్ట్రం ఆంధ్రలో పాస్టర్లకూ నెలకు 5 వేల పథకం వచ్చింది. దాంతో "మాకెందుకు లేదు?" అన్న మాట మన పాస్టర్ల ఫెలోషిప్పుల్లోనూ వినబడుతోంది.

న్యాయంగా చూస్తే అడగడంలో తప్పు లేదు. రాజ్యాంగం 27వ అధికరణ ఒక మతాన్ని పోషించడానికని ప్రత్యేకంగా పన్ను వేయొద్దంది. సాధారణ ఖజానాలోంచి కొంత ఖర్చుపెడితే అది దాని కిందికి రాదని 2011లో హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే అదే కోర్టు ఆ సబ్సిడీని పదేళ్ళలో తీసేయమంది, 2018లో ప్రభుత్వం ఆపేసింది. నాకు ఇందులో కనబడింది ఒక్కటే: ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. పాస్టరుగారి వంటింటి ఖర్చు ఆ చేతిమీద ఆధారపడితే ఆయన ఆదివారం ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఆ చెయ్యే చెబుతుంది. గౌరవ వేతనం రేపు ఇస్తామన్నా మాకొద్దని నేను బల్లగుద్ది చెప్పాను. మా అయ్యగారు మొహం చిన్నబుచ్చుకున్నారు, నిజమే. ఆ నెలే ఆయన జీతం పెంచాం. పెంచకుండా వద్దనడం మాకు తేలిక, ఆయనకు కాదు.

సర్కారు జీతం వెంట సర్కారు చట్టం వస్తుందని 2024 నవంబరులో ఇంకోసారి తేలింది. తమిళనాడు, కేరళల్లో ఎయిడెడ్ బడుల్లో పనిచేసే సిస్టర్లు, ఫాదర్లు తమ జీతం మఠానికే పోతుంది కాబట్టి పన్ను కోయొద్దని వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జీతం మీ పేరున వస్తే టీడీఎస్ మీ పేరునే అంది. నాకు ఆ తీర్పులో అన్యాయం కనబడలేదు.

క్రిస్మస్ బట్టల విషయంలో మా అనుభవం చెబుతాను. మొదట్లో చర్చిలోనే పంచాం. ఫ్లెక్సీ మీద ప్రభువు బొమ్మ మూలకు పోయింది, నాయకుల బొమ్మలు నడిమికి వచ్చాయి. ఎనభై ప్యాకెట్లు వచ్చాయి, నూట ఇరవై ఇళ్ళు. ఎవరికి ఇవ్వాలో రాసే పాపం పెద్దల మీద పడింది. ఆ జనవరిలో మూడు కుటుంబాలు చర్చికి రావడం మానేశాయి. ఇప్పుడు మేం పంచం. పేదవాళ్ళు పౌరులుగా వెళ్ళి తీసుకోవడం వాళ్ళ హక్కు, వద్దనడానికి మనమెవరం? చర్చి గడప మాత్రం పంపిణీ కేంద్రం కాకూడదు.

ఇంతకన్నా బరువైన సంగతి ఉంది. మైకులో ఎవరూ మాట్లాడరు. మన సంఘాల్లో ఎక్కువ కుటుంబాలు దళిత కుటుంబాలే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ములుగు, ఏటూరునాగారం వైపు కోయ సంఘాలకు ఈ బాధ లేదు, మతం మారితే ఎస్టీ హోదా పోవాలని ఆ ఉత్తర్వుల్లో లేదు. మన దగ్గర మాత్రం క్రిస్టియన్ మైనారిటీ లోను కావాలంటే క్రైస్తవుడినని కాగితం చూపాలి, ఎస్సీ కార్పొరేషన్ లోను కావాలంటే ఇంకో కాగితం చూపాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళకు ఉద్యోగం వచ్చాక కూడా భయమే. అంటరానితనం మతం మారగానే ఊరి హోటల్లో మాయం కాలేదు, కాగితంలో మాత్రం మాయమైంది. ఆ అన్యాయం గురించి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను 2022లో వేశారు.

ఇది సర్కారు సాయానికి ఎందుకు ముడిపడుతుందంటే, చర్చి ద్వారా వచ్చే ఏ పథకమైనా మొదట అడిగేది సభ్యుల జాబితా. పేరు, ఆధార్ నంబరు, ఫోను. ఆ జాబితా ఎవరి చేతికి పోతుందో, ఎక్కడ తేలుతుందో మన చేతిలో ఉండదు. చీరెకో డ్రెస్సుకో ఆశపడి సంఘం ఇచ్చిన కాగితం ఒక పిల్ల డీఎస్సీ ఉద్యోగానికి అడ్డం పడితే ఆ తల్లికి ఏ పెద్ద జవాబు చెబుతాడు? అబద్ధం రాయమని నేను అనడం లేదు. బాప్తిస్మం తీసుకున్నవాడిని తీసుకోలేదని సర్టిఫికెట్ ఇచ్చే పాస్టర్లున్నారు, అది తప్పు, కేసు అవుతుంది కూడా. ఎవరి కాగితం వాళ్ళు వాళ్ళ మనస్సాక్షి ప్రకారం తెచ్చుకుంటారు. సంఘం తరఫున గుత్తగా జాబితా ఇచ్చే పని మాత్రం పెట్టుకోవద్దు. 12ఏకి ఇలాంటి జాబితా అవసరం లేదు, ఆఫీసు బేరర్ల వివరాలు చాలు. మినహాయింపుకూ సాయానికీ ఉన్న అసలు తేడా మన తెలంగాణలో ఇదేనని నా అభిప్రాయం.

మరి భవనానికి గ్రాంటు? మా వార్డు నాయకుడికి మర్యాదగానే వద్దని చెప్పాం. సమాధుల తోట గోడకు మాత్రం అడిగాం. చనిపోయినవాళ్ళను పూడ్చుకోవడానికి చోటు ప్రతి మనిషికీ కావాలి, శ్మశానాలకు ప్రభుత్వం అందరికీ చేస్తుంది, అందులో మనం ప్రత్యేకంగా తలవంచేదేం లేదు. ఆరాధించే పైకప్పు మాత్రం ఆరాధించేవాళ్ళే వేసుకోవాలి. ఇది చట్టం కాదు, నా పట్టుదల. మీ సంఘం బాగా పేదదై, వానాకాలం పిల్లలు తడుస్తుంటే గ్రాంటు తీసుకోండి, నేను తప్పు పట్టను. శిలాఫలకం మీద ఎవరి పేరుండాలో మాత్రం డబ్బు రాకముందే తేల్చుకోండి.

డాలర్లు

అమెరికా పిల్లాణ్ణి నేనడిగిన మొదటి ప్రశ్న "నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" భారత పౌరుడిగానే ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, మన ఊరి పిల్లాడైనా, మన భాషే మాట్లాడినా, విదేశీ విరాళమే. ఫ్రెండ్స్ దగ్గర పోగుచేసి తన పేరున పంపడం కూడా కుదరదు. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో సొంత కార్యక్రమాలకు 15 లక్షలు ఖర్చుచేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం మించకూడదు, ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. తప్పితే ఐదేళ్ళ దాకా జైలు. స్లాబు కోసం చిన్న సంఘం పెట్టుకునే పని కాదిది. ఆ పిల్లాడిది ఇంకా మన పాస్‌పోర్టే, తన వంతు తను పంపాడు. ఫ్రెండ్స్‌ను వదిలేయమన్నాం.

విదేశీ డబ్బు లేకపోతే సంఘాలు నిలబడవనేవాళ్ళకు డోర్నకల్ గుర్తుచేస్తాను, మనకు గంటన్నర దూరం. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత కానుకలతో మిషనరీ సంఘం పెట్టి ఆ ప్రాంతానికి మనుషుల్ని పంపారు. ఆ పనికి ముందు నిలిచిన వి.ఎస్. అజరయ్యే 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తామంటే కూడా ఆయన వద్దన్నాడు. మా పెద్దాయన వాళ్ళమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేదట, ఆదివారం చర్చికి తెచ్చేదట. స్లాబు మీటింగులో ఆ మాట చెప్పింది ఆయనే. మా స్త్రీల సమాజం దాన్ని పట్టుకుంది. కంట్రోలు బియ్యమే, కానీ నూట ఇరవై ఇళ్ళ పిడికిళ్ళు.

మేం చేసింది

సొసైటీ రిజిస్టర్ చేశాం, స్థలాన్ని పాస్టరుగారు గిఫ్టు డీడుతో సొసైటీకి రాసిచ్చారు. 12ఏ తాత్కాలికం వచ్చింది, గడువుకు ఆరు నెలల ముందే రెగ్యులర్‌కు పెట్టాం. స్లాబుకు అనుకున్నదానికన్నా పద్నాలుగు నెలలు ఎక్కువ పట్టింది. పైన పారాపెట్ గోడ ఇంకా లేదు, పిల్లల్ని మేడమీదికి ఎక్కనివ్వడం లేదు. పెద్దాయన మొదట రసీదు తీసుకోనన్నాడు, నిరుడు క్రిస్మస్ కానుక రసీదులో ఇంటిపేరు తప్పు రాశానని నన్ను మళ్ళీ రాయించాడు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ఈ వారమే బీరువాలో స్థలం కాగితం తీసి ఎవరి పేరున ఉందో చూడండి. తర్వాత బ్యాంకు పాస్‌బుక్కు. ఆ రెండూ చూడకుండా సీఏ దగ్గరికి పోవద్దు, ఆయన కూడా మొదట అవే అడుగుతాడు.

సమాధుల తోట గోడ దరఖాస్తు మాత్రం ఇంకా ఆఫీసులోనే ఉంది. పోయిన సోమవారం మళ్ళీ వెళ్ళాను. ఫైలు పైకి పోయిందన్నారు.